బుడమకాయలో దాగిన బలం

దోసకాయ ఎరుగని తెలుగు ఇల్లు ఉండదు. పప్పులోకీ, పచ్చడిలోకీ, ఆవకాయలోకీ అది మనకు కావలసిందే. అయితే ఒక చిన్న ప్రశ్న. మనం పప్పులో వేసుకునే ఈ గుండ్రటి దోసకాయకు దగ్గరి చుట్టం ఏది? ఉప్పూకారం అద్దుకుని పచ్చిగా తినే కీరదోసా? లేక ఎండాకాలంలో పంచదార కలుపుకుని తినే ఖర్బూజా పండా?

"ఇంకేముంది, కీరదోసే!" అని మీలో చాలామంది అని ఉంటారు. పేరు చూస్తే అలా అనిపించడం సహజమే. కాని వృక్షశాస్త్రం చెప్పే మాట వేరు. అదేమిటో చూద్దాం.

పేరు ఒకటి, జాతులు రెండు

కీరదోస శాస్త్రీయ నామం కుకుమిస్ సటైవస్. దాని కణాలలో 14 క్రోమోసోములు, అంటే 7 జతలు ఉంటాయి. పప్పు దోస శాస్త్రీయ నామం కుకుమిస్ మెలో. దాని కణాలలో 24 క్రోమోసోములు, అంటే 12 జతలు ఉంటాయి. ఖర్బూజా శాస్త్రీయ నామం కూడా కుకుమిస్ మెలోయే. దానికీ 24 క్రోమోసోములే.

అంటే పప్పు దోసా, ఖర్బూజా ఒకే జాతి మొక్కలన్న మాట. ఒకటి పుల్లగా, ఒకటి తియ్యగా ఉన్నా, ఒకదాని పుప్పొడి రెండవదాని కీలాగ్రం మీద పడితే కాయ కాస్తుంది, గింజ గట్టిపడుతుంది, ఆ గింజ మొలుస్తుంది. కీరదోస పుప్పొడిని పప్పు దోస పువ్వుకు ఎంత శ్రద్ధగా అద్దినా అటువంటి గింజ రాదు. రెండూ ఒకే ప్రజాతికి చెందినవే అయినా జాతులు వేరు.

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. పుల్లని దోసలో ఉన్న మంచి గుణాన్ని తియ్యని ఖర్బూజాలోకి తీసుకుపోవచ్చు. ఈ పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పడమటి కర్నూలు చేలలో

కర్నూలు జిల్లా పడమటి భాగాన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం ఉన్నది. ఉత్తరాన తుంగభద్రా నది, పడమట కర్ణాటక సరిహద్దు. తుంగభద్ర దిగువ కాలువ కింద కొంత నేల తడుస్తుంది. మిగిలిన చేలు చాలావరకు వానను నమ్ముకున్నవే. నల్లరేగడిలో పత్తి, ఎర్రనేలల్లో వేరుశనగ, వాటితోపాటు జొన్న, కొర్ర, కంది ఇక్కడి పంటలు. వాన ఒక ఏడు కురుస్తుంది, ఒక ఏడు మొహం చాటేస్తుంది.

ఇటువంటి మెట్టచేలలో తొలకరికి విత్తనం వేసేటప్పుడు జొన్నతోనో, పత్తితోనో నాలుగు దోస గింజలు కలిపి వేయడం పాత అలవాటు. ప్రధాన పంటకు చేసే సేద్యమే దోసకూ సరిపోతుంది. తీగ నేలమీద పాకి సాళ్ల మధ్య నీడ పరుస్తుంది. వాన తక్కువైన ఏట కూడా కొన్ని పాదులు ఎండకు తట్టుకుని నాలుగు కాయలైనా ఇస్తాయి. ఆ కాయలు ఇంటి కూరకూ, మిగిలినవి సంతకూ పనికివస్తాయి.

కుకుమిస్ మెలో అనే ఈ ఒక్క జాతిలోనే మన పల్లెల్లో కనిపించే రూపాలు ఇవి:

1. పప్పు దోస: గుండ్రంగానో, కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటుంది. పసుపుపచ్చని తొక్క, కొన్నింటి మీద ఆకుపచ్చని చారలు లేక మచ్చలు. కండ గట్టిగా, పుల్లగా ఉంటుంది. కోసిన తర్వాత వారాల తరబడి చెడకుండా నిలవ ఉంటుంది. సరిహద్దు దాటి కర్ణాటకకు పోతే దీని తోబుట్టువును మంగళూరు సౌతె అంటారు. కేరళలో వెళ్ళరి అంటారు.

2. పండు దోస: పండగానే పైన చీలికలుగా పగిలిపోతుంది. లోపల పిండిపిండిగా, మెత్తగా ఉంటుంది. తీపి తక్కువ. బెల్లమో, పంచదారో కలుపుకుని తింటారు. నిలవ ఉండదు.

3. నక్కదోస: పొడవుగా పెరుగుతుంది. లేతగా ఉన్నప్పుడు కోసి పచ్చిగానే తింటారు.

4. ఖర్బూజా: పెద్ద పండు, మంచి వాసన, తియ్యని కండ. నీటి వసతి ఉన్నచోట పండిస్తారు.

5. బుడమ: ఎవరూ విత్తకుండానే చేలగట్ల మీదా, పైరు మధ్యా మొలిచే అడవి దోస. కాయ చిన్నది. పచ్చి కాయ చేదు. కొన్ని పండితే చేదు తగ్గి పులుపు తేలుతుంది. కొందరు వీటితో పచ్చడి చేస్తారు, ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులు పెట్టుకుంటారు. కలుపు మొక్క అని పీకిపారేసేవారే ఎక్కువ.

ఇవి మన ఒక్క ప్రాంతంలో కనిపించేవి మాత్రమే. ప్రపంచంలోని దోసలన్నింటినీ పరిశీలించి ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు మిషెల్ పిత్రా 2016లో వాటిని 19 వర్గాలుగా విభజించాడు. ఆకారంలో ఇంత తేడా ఉన్న జాతులు కూరగాయలలో చాలా తక్కువ.

ఇన్ని రూపాలు ఎలా వచ్చాయి?

దీనికి మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది ఉత్పరివర్తనం. తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకు జన్యువుల నకలు అందేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు వల్ల ఒకచోట తొక్క రంగు మారవచ్చు, ఒకచోట చేదు పోవచ్చు.

రెండవది తేనెటీగ. దోస తీగకు పురుష పుష్పాలు విడిగా ఉంటాయి. కాయ పట్టే పువ్వు వేరు. దాని అడుగున చిన్న పిందె కనిపిస్తుంది. పుప్పొడి బరువైనది, జిగట గలది, గాలికి ఎగిరిపోదు. తేనెటీగ కాలికి అంటుకుని ఒక పాదు నుంచి మరొక పాదుకు పోతుంది. కాబట్టి పక్క చేలోని దోస జన్యువులు ఈ చేలోకి, గట్టుమీది బుడమ జన్యువులు పాదులోకి వస్తూ ఉంటాయి. జన్యువులు పేకముక్కల్లా ప్రతి ఏటా కలబోసుకుంటాయి.

మూడవది ఎంపిక. ఎండ కొన్ని మొక్కలను చంపుతుంది, కొన్నింటిని వదిలిపెడుతుంది. తెగులు కూడా అంతే. ఇది ప్రకృతి చేసే ఎంపిక. పాదులో ఏ కాయ విత్తనానికి ఉంచాలో ఇంటి ఇల్లాలు నిర్ణయిస్తుంది. చేదు కాయను పారేస్తుంది, పెద్దదీ నిలవ ఉండేదీ విత్తనానికి తీస్తుంది. ఇది మనిషి చేసే ఎంపిక. ఈ రెండూ వందల తరాలు సాగితే ఆ ఊరి నేలకు, ఆ ఊరి వానకు, ఆ ఊరి వంటకు సరిపడే రకం తయారవుతుంది. దానినే మనం నాటు రకం అంటున్నాము.

నాటు రకం అంటే ఒకే అచ్చులో పోసిన మొక్కలు కావు. పైకి అన్నీ పసుపుపచ్చ కాయలే కాసినా, లోపల ఒక్కొక్క పాదులో జన్యువుల కూర్పు కొంచెం కొంచెం తేడాగా ఉంటుంది. ఈ తేడాల మొత్తాన్నే జన్యు వైవిధ్యం అంటారు.

దోసకు మన దేశమే ఒక పుట్టిల్లు. స్పెయిన్ శాస్త్రజ్ఞుల నాయకత్వంలో 2012లో దోస జన్యుపటం వెలువడింది. అందులో సుమారు 27 వేల జన్యువులు ఉన్నట్లు తేలింది. 2019లో ప్రచురించిన మరొక పెద్ద పరిశోధనలో 1,175 రకాల దోసల జన్యుపటాలను పోల్చి చూశారు. మనిషి దోసను మూడుసార్లు వేరువేరుగా సాగులోకి తెచ్చి ఉంటాడనీ, వాటిలో రెండుసార్లు భారతదేశంలోనే జరిగి ఉంటుందనీ, ఒకసారి ఆఫ్రికాలో అనీ ఆ పరిశోధకులు భావించారు.

కాలిఫోర్నియాను ఆదుకున్న భారత దోస

ఇంత వైవిధ్యం ఉంటే మాత్రం ఏమి లాభం? రుచిలేని కాయ రుచిలేనిదే కదా అని మీరు అడగవచ్చు. దానికి జవాబు చెప్పే కథ మనకు సుమారు పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో జరిగింది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇంపీరియల్ లోయ అనే ఎడారి ప్రాంతం ఉన్నది. కాలువ నీటితో అక్కడ వేల ఎకరాలలో ఖర్బూజా పండిస్తారు. పండ్లన్నీ ఒకే పరిమాణం, ఒకే తీపి. 1925లో ఆ తోటలమీద బూడిద తెగులు పెద్ద ఎత్తున విరుచుకుపడింది. ఇది ఒక శిలీంధ్రం. ఆకుల మీద తెల్లని పొడి చల్లినట్లు కనిపిస్తుంది. ఆకు తన ఆహారం తాను తయారు చేసుకోలేక ఎండిపోతుంది. ఆకు పోతే పండులోకి చక్కెర ఎక్కడి నుంచి వస్తుంది? తోటలు తోటలుగా పాడయ్యాయి.

ఐ.సి. జాగర్, ఆయన సహచరులు ఈ తెగులును తట్టుకునే మొక్క కోసం వెతికారు. అమెరికాలో సాగయ్యే ఖర్బూజాలలో అది దొరకలేదు. ప్రపంచం నలుమూలల నుంచి దోస విత్తనాలు తెప్పించి నాటారు. భారతదేశం నుంచి వచ్చిన విత్తనాలలో తెగులు సోకని మొక్కలు దొరికాయి. ఆ కాయలను ఖర్బూజాగా అమ్మితే ఎవరూ కొనరు. కాని వాటి జన్యువులు కావాలి. ఆ మొక్కలను తియ్యని ఖర్బూజాతో సంకరం చేశారు. ఏళ్ల తరబడి పనిచేసి 1936లో ఒక కొత్త రకాన్ని విడుదల చేశారు. దాని పేరు పి.ఎం.ఆర్. 45. బూడిద తెగులును తట్టుకునేది అని ఆ పేరుకు అర్థం. పండు అమెరికాది, బలం భారతదేశానిది.

పులుపు రాకుండా బలం ఎలా వస్తుంది?

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సంకరం చేస్తే తెగులును తట్టుకునే గుణం ఒక్కటే రాదు. చప్పిడి రుచీ, మెత్తని కండా, పగిలే గుణమూ వెంట వస్తాయి. మరి వాటిని ఎలా వదిలించుకున్నారు? పదవ తరగతిలో మీరు చదివే మెండెల్ సూత్రాలే ఇక్కడ పనికివచ్చాయి.

తెగులును నిరోధించే జన్యువును 'న' అందాం. లొంగిపోయే జన్యువును 'ల' అందాం. పి.ఎం.ఆర్. 45లో ఉన్న నిరోధ గుణం ఒక్క జన్యువు మీద ఆధారపడినది, పైగా బహిర్గత లక్షణం. కాబట్టి నన, నల మొక్కలు రెండూ తెగులును తట్టుకుంటాయి. లల మొక్కలు మాత్రమే లొంగిపోతాయి.

భారత దోస (నన), తియ్యని ఖర్బూజా (లల) – ఈ రెండింటినీ సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ నల మొక్కలే. అన్నీ తట్టుకుంటాయి. ఈ మొక్కలలో ఆత్మపరాగ సంపర్కం జరిపితే రెండవ తరంలో నన, నల, నల, లల వస్తాయి. అంటే ప్రతి నాలుగింటిలో మూడు తట్టుకునేవి, ఒకటి లొంగిపోయేది. ఇదే 3:1 నిష్పత్తి.

కాని మనకు కావలసింది తీపి కూడా. అందుకని మొదటి తరపు నల మొక్కను మళ్లీ తియ్యని ఖర్బూజాతోనే (లల) సంకరం చేస్తారు. దీనిని వెనుక సంకరణం అంటారు. వచ్చిన పిల్లలలో సగం నల, సగం లల. వాటిమీద కావాలని తెగులు శిలీంధ్రాన్ని చల్లుతారు. లల మొక్కలకు తెగులు సోకుతుంది. వాటిని పీకివేసి, మిగిలిన నల మొక్కలను మళ్లీ తియ్యని ఖర్బూజాతో సంకరం చేస్తారు. ఇలా చేస్తూ పోతే నాటు దోస జన్యువుల వంతు సగటున ఎలా తగ్గుతుందో చూడండి:

మొదటి సంకరంలో – 1/2
ఒకటవ వెనుక సంకరణంలో – 1/4
రెండవదానిలో – 1/8
మూడవదానిలో – 1/16
నాల్గవదానిలో – 1/32
అయిదవదానిలో – 1/64

అయిదు మార్లు వెనుక సంకరణం చేసేసరికి నాటు దోస జన్యువులు సగటున నూటికి రెండు వంతులు కూడా మిగలవు. కాని ఆ కొద్దిలో 'న' మాత్రం తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే ప్రతి తరంలోనూ అది ఉన్న మొక్కలనే మనం ఏరుకున్నాము. చివరకు ఒకసారి ఆత్మపరాగ సంపర్కం జరిపి నన మొక్కలను ఏరితే రకం స్థిరపడుతుంది. బియ్యంలోంచి రాళ్లు ఏరినట్లు, అక్కరలేని జన్యువులను తరతరానా ఏరిపారేయడమే ఇందులోని కిటుకు.

తెగులు కూడా ఊరుకోదు

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కాని శిలీంధ్రానికి కూడా జన్యువులు ఉన్నాయి. వాటిలోనూ ఉత్పరివర్తనాలు వస్తాయి. పి.ఎం.ఆర్. 45 విడుదలై రెండేళ్లు గడవకముందే, 1938లో, దానిని కూడా పడగొట్టే కొత్త రకం బూడిద తెగులు ఇంపీరియల్ లోయలోనే బయటపడింది. శాస్త్రజ్ఞులు మళ్లీ భారతదేశపు దోసలనే ఆశ్రయించారు. ఇతర నిరోధ జన్యువులు దొరికాయి. పి.ఎం.ఆర్. 5, పి.ఎం.ఆర్. 6 అనే రకాలు అలా వచ్చాయి.

ఇది దొంగకూ తాళానికీ జరిగే పోటీ వంటిది. దొంగ ఒక తాళానికి మారుచెవి చేయించుకుంటే మనం మరొక తాళం వేయాలి. తాళాల పెట్టె ఖాళీ అయితే ఇల్లు దోపిడీయే. మన నాటు దోసలే ఆ తాళాల పెట్టె.

ఈ పోటీ నేటికీ సాగుతూనే ఉన్నది. 2006లో అదే ఇంపీరియల్ లోయలో తెల్లదోమ మోసుకువచ్చే ఒక వైరస్ ఖర్బూజా తోటలలో ప్రవేశించింది. దానిని ఓర్చుకునే గుణం భారతదేశం నుంచి సేకరించి భద్రపరచిన 313970 సంఖ్య గల దోసలో కనిపించింది. అది ఏ వర్గానికి చెందినదో తెలుసా? మన పప్పు దోస వర్గానికే! 2012లో స్పెయిన్ తోటలలోకి టమాటా ఆకుముడత న్యూఢిల్లీ వైరస్ అనే మరొక తెగులు చొరబడింది. స్పెయిన్ శాస్త్రజ్ఞులు అనేక దేశాల దోసలను పరీక్షించగా, దానికి లొంగని కొద్ది రకాలూ భారతదేశపువే. వాటిలో ఒకటి పంజాబులో సేకరించిన అడవి దోస. అంటే మన బుడమ వంటిదే. ఆ నిరోధ గుణానికి ముఖ్యమైన జన్యువు 11వ క్రోమోసోము మీద ఉన్నదని 2017లో గుర్తించారు.

దక్షిణ భారతంలో చిన్న రైతులు పండించే నాటు దోసల మీద 2011లో వెలువడిన అధ్యయనంలో కూడా పేనుబంకనూ, బూడిద తెగులునూ, కొన్ని వైరస్‌లనూ తట్టుకునేవి బయటపడ్డాయి.

చేదు కాయలో ఇంత బలం ఎందుకు ఉన్నది? ఆలోచించండి. ఖర్బూజాకు మనిషి నీరు పెడతాడు, ఎరువు వేస్తాడు, మందు కొడతాడు. బుడమకు ఎవరూ ఏమీ చేయరు. తెగులు వచ్చినా, పురుగు పట్టినా తనను తానే కాపాడుకోవాలి. కాపాడుకోలేనివి చచ్చిపోయాయి. మిగిలినవాటి గింజలే నేడు గట్టుమీద మొలుస్తున్నాయి. దాని చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్ అనే పదార్థం కూడా తిండికి వచ్చే పురుగులను దూరంగా ఉంచే ఆయుధమే.

పెట్టె ఎందుకు ఖాళీ అవుతున్నది?

ఇంత విలువైన సంపద మన చేలలోనే ఉన్నా, అది నిశ్శబ్దంగా తరిగిపోతున్నది. ఎవరూ కావాలని చేస్తున్నది కాదు. ఒక చేలో ఒకే పంట వేసినప్పుడు సాళ్ల మధ్య దోస తీగకు చోటు ఉండదు. కలుపు మందు చల్లిన చేలో బుడమ మొలవదు. పురుగుమందు పూతమీద పడితే తేనెటీగ రాదు. ఆదోని పత్తికి పేరుపొందిన ఊరు. పత్తి ఒక్కటే ఎంత దట్టంగా పరచుకుంటే, పాత అంతరపంటలు అంత పక్కకు తొలగుతాయి.

మరొక కారణం కొన్న విత్తనం. దుకాణంలో దొరికే సంకర విత్తనం మంచి దిగుబడి ఇస్తుంది. కాయలన్నీ ఒకేలా ఉంటాయి, సంతలో ధర పలుకుతుంది. రైతు దానిని కొనడం తప్పు కాదు. కాని ఆ కాయలోని గింజ తీసి మరుసటి ఏడు విత్తితే ఏమవుతుంది? పైన చెప్పుకున్న రెండవ తరం గుర్తుకు తెచ్చుకోండి. గుణాలు విడిపోయి రకరకాల కాయలు కాస్తాయి. అందుకని ప్రతి ఏడూ విత్తనం కొనవలసిందే. ఇంటి విత్తనం వరుసగా కొన్నేళ్లు వేయకపోతే కుండలోని గింజలు మొలకెత్తే శక్తిని పోగొట్టుకుంటాయి. అప్పుడు ఆ రకం ఆ ఇంట్లో అంతరించినట్లే.

చేలన్నీ ఒకే రకంతో నిండితే ఏమవుతుందో 1970లో అమెరికా చూసింది. అక్కడి మొక్కజొన్న సంకర రకాలలో ఎక్కువ భాగం ఒకే రకమైన కణద్రవ్యం గల తల్లి మొక్కల నుంచి తయారైనవి. దానికి లొంగే ఒక ఆకుమాడు తెగులు వచ్చి ఒక్క సంవత్సరంలో దేశపు మొక్కజొన్న పంటలో సుమారు 15 శాతం నష్టపరచింది.

కాపాడుకునే దారులు

మొదటి దారి విత్తన నిధి. మన దేశంలో ఈ పనికి జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ఉన్నది. దాని ప్రధాన కార్యాలయం న్యూఢిల్లీలోనూ, ఒక ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లోనూ ఉన్నాయి. ఊరూరా సేకరించిన గింజలను బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచులలో మూసి, సున్నా కంటే 18 డిగ్రీలు తక్కువ చలిలో దాచి ఉంచుతారు. అలా ఉంచిన గింజలు ఎన్నో ఏళ్లు బ్రతికి ఉంటాయి.

కాని నిధిలో ఉన్న గింజ నిద్రపోతున్న గింజ. బయట ఎండలు ముదిరినా, కొత్త తెగుళ్లు వచ్చినా దానికి తెలియదు. చేలో మొలిచే గింజ మాత్రం ప్రతి ఏడూ పరీక్షకు కూర్చుంటుంది. అందుకని రెండవ దారి కూడా కావాలి. అదే రైతు చేలో సాగు. రెండూ ఉంటేనే రక్షణ.

మూడవది చట్టం. పి.ఎం.ఆర్. 45 నాటి రోజుల్లో విత్తనం ఇచ్చిన పల్లెకు హక్కు కల్పించే చట్టమేదీ లేదు. 2001లో మన పార్లమెంటు మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం చేసింది. రైతులు తాము కాపాడుకుంటూ వచ్చిన నాటు రకాన్ని తమ పేర నమోదు చేయించుకోవచ్చు. అరుదైన రకాలను కాపాడిన రైతులకు బహుమతులు కూడా ఉన్నాయి. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. ఇటువంటి విషయాలలో సలహా కోసం మీ పెద్దలు అక్కడికి వెళ్లవచ్చు.

ఎన్ని కాయల నుంచి గింజ తీయాలి?

ఒక లెక్క చేద్దాం. ఒక ఊరి దోసలలో తెగులును తట్టుకునే జన్యువు ప్రతి పదింటిలో ఒకటి ఉన్నదనుకోండి. మిగిలిన తొమ్మిదీ మామూలువి. ప్రతి మొక్కలోనూ ఆ జన్యువు ప్రతులు రెండు ఉంటాయి. మీరు ఒక్క మొక్కనే విత్తనానికి ఉంచితే ఆ మంచి జన్యువు దానిలో లేకపోయే అవకాశం 9/10 × 9/10 = 81/100. అంటే నూటికి 81 పాళ్లు పోయినట్లే!

10 మొక్కలు ఉంచితే 20 ప్రతులు. 9/10ని 20 మార్లు గుణించి చూడండి. సుమారు నూటికి 12 పాళ్లు వస్తుంది. 30 మొక్కలు ఉంచితే 60 ప్రతులు. అప్పుడు పోగొట్టుకునే అవకాశం వెయ్యికి రెండు పాళ్ల కంటే తక్కువ. (పుప్పొడి వేరే మొక్కల నుంచి వచ్చే సంగతి ఈ లెక్కలో పక్కన పెట్టాము.) అన్నింటికంటె పెద్ద కాయ ఒక్కటి చూసి గింజ తీస్తే చాలదని దీనివల్ల తెలుస్తున్నది కదా!

మీరు చేయదగిన పనులు

1. మీ ఊరిలోనూ, సంతలోనూ కనిపించే దోసకాయల పట్టిక తయారు చేయండి. ఆకారం, తొక్క రంగు, చారలు, బరువు, కండ రంగు, ఎన్నాళ్లు నిలవ ఉన్నది, ఆ ఊరిలో పిలిచే పేరు – ఇవి రాయండి. విత్తనం కొన్నదా, ఇంటిదా అని కూడా అడిగి రాయండి. ఆడవాళ్లను అడగడం మరవకండి. విత్తనం సంగతి వారికే ఎక్కువ తెలుసు. రుచి చూడాలంటే చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదు కాయను మింగవద్దు, ఉమ్మివేయండి. గట్టి చేదు కడుపుకు హాని చేస్తుంది.

2. బడి తోటలో ఒక నాటు రకం పెంచి స్వచ్ఛమైన విత్తనం తీయండి. సాయంత్రం వేళ, మరునాడు విచ్చుకోబోయే పిందె మొగ్గకూ, మరొక పాదు మీది పురుష మొగ్గకూ పలుచని గుడ్డ సంచులు తొడగండి. పిందె మొగ్గలో పరాగకోశాలు ఉంటే వాటిని చిన్న చిమటాతో తీసివేయండి. మరునాడు పొద్దున్నే పురుష పుష్పాన్ని తెంపి, దాని పుప్పొడిని పిందె పువ్వు కీలాగ్రానికి అద్ది, మళ్లీ సంచి తొడిగి, కాడకు దారం కట్టి తేదీ రాయండి. ఇలా చేయలేకపోతే వేరే రకం దోస కనీసం అర కిలోమీటరు దూరంలో లేకుండా చూసుకోవాలి.

3. కాయ తీగ మీదనే బాగా పండనివ్వండి. చేదు కాయలను వేరు చేయండి. గుజ్జుతో సహా గింజలను ఒకటి రెండు రోజులు పులియనిచ్చి కడగండి. తేలిన తాలు గింజలను పారేసి, మునిగినవాటిని నీడలో ఆరబెట్టండి. పొడి బూడిద కలిపి గట్టి మూత ఉన్న పాత్రలో ఉంచి, రకం పేరు, ఊరు, సంవత్సరం రాసిన చీటీ అంటించండి.

ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు జన్యువును ఒకచోట నుంచి మరొకచోటికి చేర్చగలడు. కాని దానిని చేర్చాలంటే అది ముందు ఎక్కడో ఒకచోట బ్రతికి ఉండాలి. వందల ఏళ్ల ఎండా, వానా, తెగులూ కలిసి తయారు చేసిన జన్యువు చివరి గింజతోపాటు పోతే దానిని తిరిగి తెచ్చే మార్గం లేదు. గట్టుమీద బుడమ తీగ కనిపిస్తే పీకేముందు ఈ మాట ఒకసారి తలచుకోండి.

ప్రశ్నలు

1. పప్పు దోసను కీరదోసతో కాక ఖర్బూజాతో ఎందుకు సంకరం చేయగలము?
2. నల మొక్కను లల మొక్కతో సంకరం చేస్తే వచ్చే 200 మొక్కలలో తెగులును తట్టుకునేవి సుమారు ఎన్ని?
3. ఆరవ వెనుక సంకరణంలో నాటు దోస జన్యువుల వంతు సగటున ఎంత?
4. తెగులును తట్టుకునే గుణం అంతర్గత లక్షణమైతే, వెనుక సంకరణం చేసేవారికి ఏ ఇబ్బంది వస్తుంది? దానిని ఎలా దాటవచ్చో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.
5. విత్తన నిధి ఒక్కటే ఉంటే ఎందుకు చాలదు?